నాలుగో చెరువు దగ్గర తాళం

విశ్వేశ్వరరావు గారు తన కారు తాళం కట్టుకున్న భార్యకి కూడా ఇవ్వరన్న సంగతి కాల్గరీ తెలుగువాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. అలాంటి మనిషి ఆ తాళం పద్మిని అనే కుర్రపిల్ల చేతికిస్తానని నలుగురి ముందు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారు అనడం కంటే ఆ భార్య దమయంతి గారే ఒప్పించారు అనడం న్యాయం.

వాళ్ళు నడవాలనుకున్న కొండదారి అలాంటిది మరి. ఒక చోట మొదలై ఇంకో చోట తేలుతుంది. పొద్దున తూర్పు కొసన అడుగుపెట్టినవాళ్ళు సాయంత్రానికి కొండ దాటి పడమటి కొసన దిగుతారు. మధ్యలో ఏడు చెరువులు. బోర్డుల మీద వాటికి ఏవో దొరల పేర్లు రాసి ఉంటాయి గానీ మనవాళ్ళకు నోరు తిరగదు. దమయంతి గారు ఒకటో చెరువు, రెండో చెరువు అని లెక్క పెట్టుకుంటూ పోతే అందరికీ అదే అలవాటైంది. నడిచేది పద్దెనిమిది కిలోమీటర్లే. కానీ అవతల దిగాక, ఇవతల వదిలేసిన కారు దగ్గరకు రావాలంటే రోడ్డు మీద తొంభై కిలోమీటర్లు చుట్టు తిరగాలి. బస్సు అన్న మాటే లేదు.

అందుకని కొండలు తిరిగేవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. రెండు జట్లుగా విడిపోయి, ఒక జట్టు ఈ కొసన, ఇంకో జట్టు ఆ కొసన కార్లు పెట్టుకుని ఎదురెదురుగా నడుస్తారు. మధ్యలో కలుసుకున్న చోట తాళాలు మార్చుకుంటారు. వీళ్ళ కారులో వాళ్ళు, వాళ్ళ కారులో వీళ్ళు కిందికి వచ్చి, సాయంత్రం ఊళ్ళో ఎవరి కారు వాళ్ళు తీసుకుంటారు. ముందు రోజే కార్లు మార్చేసుకుంటే సరిపోతుంది కదా అని జట్టులోని కుర్రాడు వంశీధర్ అన్నాడు. తెల్లవారుజామున దుప్పులు అడ్డం పడే రోడ్డు మీద నా బండి ఇంకొకరి చేతిలోనా అని విశ్వేశ్వరరావు గారు ఆ మాటని మొగ్గలోనే తుంచేశారు. పోనీ రెండో తాళం ఉంటుంది కదా అన్నాడు. అది బీరువాలో ఉంది. ఆ బీరువా తాళం ఎక్కడుందో ఆయనకొక్కరికే తెలుసు.

ఆ జట్లలో ఒకటి విశ్వేశ్వరరావు, దమయంతి దంపతులు. ఆయనది తెనాలి. అమెరికాలో పదేళ్ళు, ఒంటారియోలోని రిచ్‌మండ్ హిల్‌లో పన్నెండేళ్ళు ఐటీ ఉద్యోగం చేసి, నిరుడే కాల్గరీకి మారారు. రెండో జట్టు పద్మిని, ఆమెతో ఒకే ఇంట్లో అద్దెకుండే స్నేహ, వాళ్ళ క్లాసుమేటు వంశీధర్. ముగ్గురిలో లైసెన్సు ఉన్నది పద్మినికే. స్నేహ టెస్టు ఇంకా నెల దూరంలో ఉంది. వంశీధర్ రెండుసార్లు ఫెయిలై, తప్పంతా టెస్టు పెట్టిన ఆవిడదే అంటాడు.

పద్మినికి ఆ తాళం ఎంత ముఖ్యమో తెలియాలంటే ఆమె సార్నియా రోజులు కాస్త చెప్పాలి. సూర్యాపేట పిల్ల. రెండున్నరేళ్ళ కిందట, విమానంలో సగం సీట్లు స్టూడెంట్లతోనే నిండుతున్న రోజుల్లో, ఒంటారియోలోని ఆ ఊరి కాలేజీకి వచ్చింది. కెనడా అంటే మంచుకొండలు అనుకుని వచ్చిన మనిషికి అక్కడ కనిపించినవి ఫ్యాక్టరీల పొగగొట్టాలు. నేల చూస్తే చాప పరిచినట్టు. ఉండే బేస్‌మెంట్ ఒక మూల, కాలేజీ ఇంకో మూల, పని చేసే కాఫీ షాపు మరో మూల. బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. కారున్న ప్రతివాళ్ళనీ "అన్నా, అటు దిక్కు పోతున్రా? అక్కా, దారిల దింపుతరా?" అని అడుక్కోవడమే బతుకైపోయింది.

ఒకసారి ఎవరిదో పుట్టినరోజుకి వెళ్ళింది. తలుపు దగ్గర బూట్లు విప్పుతుంటే లోపల్నుంచి భీమారావు అనే సీనియర్ గొంతు వినిపించింది. "కేకు తొందరగా కొయ్యండ్రా బాబూ. లిఫ్ట్ పిల్ల వస్తే దింపడానికి మళ్ళీ ఎవడో ఒకడు లేవాలి." అందరూ నవ్వారు. అందులో పగా లేదు, కోపమూ లేదు. ఊరికే నవ్వారు. పద్మిని విప్పిన బూటు మళ్ళీ వేసుకుని, ఆ మంచులో నాలుగు కిలోమీటర్లు నడిచి ఇంటికి పోయింది. అంతే, ఆ రోజు నుంచి ఎవరినీ ఏదీ అడగదు. హోటల్లో సాంబారు వెయ్యడం మర్చిపోతే ఉత్త ఇడ్లీ తిని లేస్తుంది. స్నేహ పొరపాటున తన రగ్గు తీసుకెళ్తే, వారం రోజులు జాకెట్ కప్పుకుని పడుకుంది గానీ ఇవ్వమని అడగలేదు.

కాల్గరీకి వచ్చి, ఒక దంతవైద్యుడి క్లినిక్‌లో రిసెప్షన్ ఉద్యోగంలో చేరి, పట్టుబట్టి లైసెన్సు తెచ్చుకుంది. పన్నెండేళ్ళ వయసున్న చిన్న నీలం కారు ఒకటి కొనుక్కుంది. అయినా అది తన కారు. ఇంకొకరు తమ కారుని నమ్మి ఆమె చేతికివ్వడం వేరు. విశ్వేశ్వరరావు గారు నలుగురి ముందు "సరేనమ్మా, నువ్వే నడుపు" అన్న రోజు నుంచి ఆమెకి కాళ్ళు నేల మీద ఆనలేదు. అలాంటి పెద్ద బండి ఎలా నడపాలో పది రోజుల పాటు వీడియోలు చూసింది. ఈ దేశంలో ఒక దారిని ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవాలి, ఆ కొసన నమ్మకంగా అప్పగించిన బండిని నడుపుకుంటూ రావాలి. ఇంతే ఆమె కోరిక. అడిగితే చిన్నదే గానీ, ఆమె అడగదు కదా.

ఆగస్టు మొదటి ఆదివారం ఆరున్నరకి తూర్పు కొసన కారు ఆపి ముగ్గురూ నడక మొదలుపెట్టారు. దారి నిండా జనం. ఎలుగుబంట్లకి చప్పుడు వినిపిస్తూ ఉండాలని రాసిన బోర్డు చూసి, వంశీధర్ గొంతెత్తి "ఎలుగన్నా, వస్తాండాం! పక్కకు పో అన్నా!" అని అరుస్తూ ముందు నడిచాడు. ఆ గొంతుకి ఎలుగులేమిటి, చెట్ల మీద ఉడతలు కూడా నిలవలేదు.

మొదటి చెరువు అడవి మధ్యలో నల్లగా, కదలకుండా ఉంది. రెండోది పచ్చగా ఉంది. మూడో చెరువు దగ్గర చెట్లు పొట్టివై, ఆకాశం ఒక్కసారిగా విచ్చుకుంది. నీళ్ళు నీలం రంగు కలిపినట్టున్నాయి. మంచుగడ్డలు కొండరాయిని అరగదీస్తే వచ్చే పిండి నీళ్ళలో కలిసి ఆ రంగు వస్తుందట. స్నేహ చదివి చెప్పింది. ఒడ్డున కూర్చుని చేగోడీలు తింటుంటే బొద్దుగా ఉన్న కొండ ఉడత ఒకటి వచ్చి, అరగజం దూరంలో రెండు కాళ్ళ మీద నిలబడి చూసింది. జంతువులకి ఏమీ పెట్టకూడదని అక్కడి నియమం. అది మాత్రం ఏ మొహమాటమూ లేకుండా చెయ్యి చాపింది. పద్మిని నవ్వి, చేగోడీల పొట్లం సంచిలో దాచేసింది. చలిగాలి, ఎండ, కాళ్ళలో తీయటి నొప్పి. ఇన్నాళ్ళకు, నేను అనుకుని వచ్చిన కెనడా ఇది అనిపించి, ఆమెకి ఊరికే సంతోషం వేసింది.

పదకొండుకి నాలుగో చెరువు చేరేసరికి దంపతులిద్దరూ అప్పటికే ఒక పెద్ద బండ మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. పడమటి కొసన ఐదింటికే బయల్దేరి, ఏడో చెరువు, ఆరో చెరువు, ఐదో చెరువు చూసుకుని, కనుమ దాటి ఇటు దిగారు. వాళ్ళకి కష్టమంతా అయిపోయింది, ఇక దిగుడే. పిల్లలకి కనుమ ఎక్కడం ముందుంది.

"రండమ్మా, రండి! ఎండలో వాడిపోయారు" అంటూ దమయంతి గారు స్టీలు డబ్బాల మూతలు తీశారు. పులిహోర, పెరుగన్నం, ఊరమిరపకాయలు, ఆకుల్లో చుట్టిన బొబ్బట్లు. అంత ఎత్తుకి అన్ని డబ్బాలు ఎలా మోశారని స్నేహ ఆశ్చర్యపోతే, "నేను మోయలేదమ్మా. మీ అంకుల్ మోశారు. కారు తాళం ఇవ్వరు గానీ, కావిడి మాత్రం మోస్తారు" అన్నారావిడ.

విశ్వేశ్వరరావు గారు నవ్వారు. నవ్వుతూనే కుడిచేత్తో చొక్కా జేబు తడుముకున్నారు. ఆ జేబుకి జిప్పు ఉంది. ఆ జిప్పు వెనక తాళం ఉంది. పద్మిని చూసింది.

భోజనం సాగింది. ఆయన రిచ్‌మండ్ హిల్‌లో ఉండగా మంచు తుఫానులో ఆరు గంటలు రోడ్డు మీద ఇరుక్కున్న కథ చెప్పారు. పద్మిని ఇప్పుడు ఇస్తారు అనుకుంది. ఇవ్వలేదు. పెరుగన్నం వడ్డన అయింది. తిన్నాక ఇస్తారేమో అనుకుంది. తిన్నాక ఆయన చేతులు కడుక్కుని, బండ మీద కాళ్ళు చాపి, టైర్లలో గాలి ఎంత ఉండాలో వంశీధర్‌కి వివరించడం మొదలుపెట్టారు. మాట కారు మీదికి వచ్చింది కాబట్టి ఇక తాళం కూడా వస్తుందని ఆమె ఆశగా ముందుకి జరిగింది. మాట కారు మీద నుంచి ఇన్సూరెన్సు మీదికి, అక్కడ్నుంచి గుంటూరు ఎండల మీదికి వెళ్ళిపోయింది.

ఎలా అడుగుతుంది? పెద్దాయన. తింటున్న మనిషిని అడగకూడదు. కబుర్లు చెబుతున్న మనిషిని మధ్యలో ఆపకూడదు. వాళ్ళ పులిహోర తిని, చెయ్యి కూడా ఆరకముందే తాళం ఇవ్వండి అంటే ఏం బాగుంటుంది? ఆయనకి తెలియదా? తెలుసు కాబట్టి ఆయనే ఇస్తారు. ఇస్తారు, ఇస్తారు అనుకుంటూ కూర్చుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దలు ఒక సామెత చెప్పారు. అది ఆడపిల్లల ముందు అనేది కాదు గానీ, అబద్ధం మాత్రం కాదు.

పన్నెండున్నరకి ఆయనే తొందరపెట్టారు. "ఇక మీరు కదలండమ్మా. కనుమ ఎక్కాలి, పొద్దు పోతుంది. మేం కాసేపు నడుం వాల్చి మెల్లగా దిగుతాం." దమయంతి గారు కందిపొడి పొట్లం ఒకటి పద్మిని చేతిలో పెట్టి, బుగ్గ నిమిరారు. పద్మిని సంచి అందుకుని లేచింది. లేచి ఆయన వైపు చూసింది. ఆయన చెరువు వైపు చూశారు. "వస్తం అంకుల్" అంది, అంతే.

పది అడుగులు వేసింది. వెనక్కి పిలుస్తారని చెవులు రిక్కించింది. నూరు అడుగులు వేసింది. పిలుపు లేదు. మలుపు తిరిగాక చెరువు కూడా కనిపించలేదు. తన కారు తాళం తన సంచిలోనే ఉంది, ఆయన తాళం ఆయన జేబులోనే ఉంది, ఈ కొండదారిలో రెండు జట్లూ పనికిరాని తాళాలతో ఎదురు దిక్కులకి పోతున్నాయి. తెలిసి కూడా ఆమె నడుస్తూనే ఉంది. ఆయనకి గుర్తొచ్చి పరుగెత్తుకొస్తారులే అని ఒకసారి, రాళ్ళ మీద పరుగెత్తి పడిపోతారేమో అని ఒకసారి అనుకుంది. గంటసేపు ఎక్కిన ఆ ఎక్కుడులో ఆమె కొండని చూసింది తక్కువ, వెనక్కి చూసింది ఎక్కువ.

కనుమ మీద గాలి దుమ్ము రేపుతోంది. నీడపట్టున పాతమంచు చారలుగా మిగిలింది. అవతల లోయలో ఐదో చెరువు ఒక కొస మాత్రం కనిపించింది. మిగతాది బండల చాటున ఉంది. స్నేహ బూటు విప్పి మడమ మీద లేచిన బొబ్బకి పట్టీ వేసుకుంటుంటే, వంశీధర్ ఫోటోలు తీస్తూ తీస్తూ ఆగాడు.

"అవునూ, తాళం జాగర్త పద్మినీ. యాడ పెట్టినావ్?"

పద్మిని సంచి పట్టీ బిగించుకుంది.

"ఏందే, ఇచ్చినాడా లేదా?"

"ఇయ్యలే" అంది పద్మిని.

"మర్చిపోయావా?" అంది స్నేహ, బూటు చేతిలో పట్టుకుని.

అవును అంటే పోయేది. కానీ ఆ గాలిలో, ఆ ఎత్తులో, అబద్ధం ఆడే ఓపిక లేదామెకి. "మర్చిపోలే. తిన్నంతసేపు గుర్తున్నది. ఆయనే ఇస్తడనుకున్న. అడగలేకపోయిన."

"ఒసేయ్, అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆయన మీ అమ్మ కూడా కాదే!" అని స్నేహ నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేసింది. వంశీధర్ తల పట్టుకున్నాడు. ఫోన్లకి సిగ్నల్ లేదు. చేయగలిగింది ఒక్కటే. వాళ్ళు మరీ కిందికి దిగకముందే వెళ్ళి పట్టుకోవాలి.

"మీరీడనే ఉండండి. నీ కాలికి బొబ్బ, వీడు నీకు తోడు. నేనే పోతా" అంది పద్మిని. సంచి వాళ్ళ దగ్గర పడేసి, తన కారు తాళం జేబులో వేసుకుని దిగడం మొదలుపెట్టింది.

గంట ఎక్కినది దిగడానికి ముప్పావుగంట కూడా పట్టలేదు. మలుపు తిరిగి చూసి ఆగిపోయింది. ఈపాటికి మూడో చెరువు దాటాల్సిన విశ్వేశ్వరరావు గారు, ఆ నాలుగో చెరువు ఒడ్డునే, ఆ బండ మీదే, అలిగిన పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నారు. పక్కన దమయంతి గారు సంచులు సర్దేసి, చేతికర్రలు పట్టుకుని, విసుగ్గా నిలబడ్డారు.

"చూడమ్మా పద్మినీ, గంటన్నర నుంచి ఇదే వరస" అన్నారావిడ. "మోకాలు పట్టేసిందంటారు. స్ప్రే కొడతానంటే వద్దంటారు. ముందు ఎడమ మోకాలన్నారు. ఇప్పుడు కుడిదంటున్నారు. ఇంతకీ నువ్వేంటమ్మా మళ్ళీ వచ్చావు?"

పద్మిని ఇంకా రొప్పుతూనే ఉంది. ఆయన ముందు అందుకున్నారు. "అయ్యో, తాళాలు! చూశావా దమయంతీ, కబుర్లలో పడి తాళాల సంగతే మర్చిపోయాం. పోన్లే, ఇప్పుడేం కొంప మునగలేదు. మళ్ళీ ఆ కొండ ఎక్కడం ఎందుకమ్మా నీకు? ఆ పిల్లలిద్దర్నీ కూడా రమ్మని అటు ఎక్కేవాళ్ళెవరితోనైనా కబురంపుదాం. అందరం ఇటే దిగి నీ కారులో పోదాం. ఐదుగురికి చక్కగా సరిపోద్ది. అక్కడికెళ్ళాక నా బండి నేను తెచ్చుకుంటా. ఎవరికీ ఇబ్బంది లేదు."

నిజమే, ఎవరికీ ఇబ్బంది లేదు. వినడానికి ఎంత సబబుగా ఉందంటే, పద్మిని నాలుక మీదికి "సరే అంకుల్" అన్న మాట దానంతటదే వచ్చి కూర్చుంది. సరే అనేస్తే అందరూ మంచివాళ్ళే. కొండ దిగిపోవచ్చు. ఆయన కారు ఆయన నడుపుకుంటారు. ఐదో చెరువు ఆ కొస మాత్రమే చూసినట్టు మిగిలిపోతుంది. ఆరోది, ఏడోది ఎలా ఉంటాయో ఫోటోల్లో చూసుకోవచ్చు. ఇలాంటి సరేలు ఆమె రెండేళ్ళుగా ఎన్ని అందో లెక్క లేదు. ఒక్కో సరే అన్నప్పుడల్లా తనలో ఏదో కాస్త తగ్గిపోయినట్టు ఉండేది. ఇప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద కోపమొచ్చింది, ఆ కోపంలోనే గొంతు పెగిలింది.

"లేదంకుల్. నాకు అటే పోవాలె. తాళం ఇయ్యండి."

ఆయన ఆమె వైపు చూశారు.

"మీరు ఇస్తనన్నరు. నేను మంచిగనే నడుపుత. గీత కూడా పడనియ్య" అంది. అన్నాక ఇంకా ఆగలేకపోయింది. "నేను మర్చిపోలే అంకుల్. పొద్దున్నించి గుర్తున్నది. తినేటప్పుడు మొత్తం మీ జేబు దిక్కే చూసిన. అడగడానికి నోరు రాలే. అడుగుతున్న ఇప్పుడు. ఇయ్యండి."

చెరువు అవతల ఎక్కడో రాళ్ళు దొర్లిన చప్పుడైంది. విశ్వేశ్వరరావు గారు జిప్పు తీశారు. తీసి, మళ్ళీ ఆగి, నేల చూపులు చూస్తూ అన్నారు. "నేనూ మర్చిపోలేదమ్మా."

"ఏంటీ?" అన్నారు దమయంతి గారు.

"అడిగితే ఇద్దామనే ఉంది. ఒట్టు. కానీ అడుగుద్దేమో, అడుగుద్దేమో అని చూస్తా ఉంటే అడగలేదు. అడక్కుండా ఉంటే బాగుండు అనిపించింది. తీరా మీరు వెళ్ళిపోయాక, ఏం చెయ్యాలో పాలుపోలేదు. నీ తాళం లేకుండా మేం మాత్రం దిగి ఏం చేస్తాం? నువ్వే వస్తావులే అని కూర్చున్నా."

"అంటే ఈ మోకాలు?"

"మోకాలికేం లేదు."

దమయంతి గారు ఒక్క క్షణం ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. చేతికర్రలు కింద పడేసి, బండ మీద చతికిలబడి, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "దొందూ దొందే! ఒకరు అడగరు, ఒకరు ఇవ్వరు. ఇద్దరికీ గుర్తుంది. నేనొక్కదాన్నే మర్చిపోయి, ఈయన మోకాళ్ళకి మొక్కుకుంటూ కూర్చున్నా!" దారిన పోతున్న వాళ్ళెవరో భాష తెలియకపోయినా ఆ నవ్వు చూసి వాళ్ళూ నవ్వుతూ వెళ్ళారు.

విశ్వేశ్వరరావు గారి మొహం ఎర్రబడింది. తేలు కుట్టిన దొంగలా ఉన్న ఆ పెద్దమనిషిని చూస్తే పద్మినికి కోపం పోయి జాలేసింది. ఈయన కూడా నాలాంటివాడే అనుకుంది. అంత వయసు, అంత ఉద్యోగం, అంత కారు ఉండి, ఇవ్వను అని కూడా చెప్పలేకపోయాడు పాపం.

ఆయన తాళం తీసి ఆమె అరచేతిలో పెట్టారు. పెట్టాక వేళ్ళు వెంటనే వదలలేదు. "బ్రేకు మీద కాలు మెత్తగా వెయ్యాలి. నీ బండిలా తొక్కితే ముందుకి పడతారు. సీటు ఎడమ పక్క మీట ఉంటది, ముందుకి జరుపుకో. అద్దాలు సరిచూసుకో. లోపల చేగోడీలు తినద్దని ఆ కుర్రాడికి చెప్పు. దుప్పులు..."

"ఏవండీ" అన్నారు దమయంతి గారు. ఆయన వదిలేశారు.

తాళం వెచ్చగా ఉంది. పద్మిని దాన్ని ప్యాంటు జేబులో పెట్టుకుని, "థాంక్స్ అంకుల్" అని, ఇంకేం చెప్పాలో తెలియక వెనక్కి తిరిగి కొండ ఎక్కడం మొదలుపెట్టింది. కాళ్ళు ఇందాకటి కాళ్ళే, ఎక్కుడు ఇందాకటి ఎక్కుడే. కానీ ఈసారి వెనక్కి చూడాల్సిన పని లేదు. కొండని చూసింది. బండల సందుల్లో ఊదారంగు పూలున్నాయని ఇందాక చూడనేలేదు.

రెండో మలుపు దగ్గర వెనక నుంచి "అమ్మాయ్! పద్మినీ!" అని కేక వినపడింది. మనసు మార్చుకున్నారా ఏమిటని ఆమె జేబు గట్టిగా పట్టుకుంది. తిరిగి చూస్తే వస్తున్నది ఆయన కాదు, దమయంతి గారు. కర్రలు రెండూ టకటకలాడిస్తూ, కొంగు కాదు గానీ మెళ్ళో స్కార్ఫు గాలికి ఎగురుతుంటే, ఆయాసపడుతూ ఎక్కి వచ్చారు. వచ్చి చెయ్యి చాపారు.

"మరి నీ తాళమో?"

పద్మిని నాలుక కరుచుకుంది. గుర్తుండీ అడగని మనిషి, తీరా అడిగి తీసుకున్న ఆనందంలో ఇవ్వడం నిజంగానే మర్చిపోయింది. జేబులోంచి తన కారు తాళం తీసింది. "సారీ ఆంటీ. అంకుల్‌కి చెప్పండి, రివర్సులో పోయేటప్పుడు జరంత మూలుగుతది. భయపడొద్దని."

"అంకుల్‌కి ఎందుకు? నాకు చెప్పు" అన్నారు దమయంతి గారు. "లైసెన్సు తెచ్చుకుని పదిహేనేళ్ళయింది. పర్సులో పెట్టుకుని తిరుగుతున్నా. ఆయన ఇస్తారేమో, ఇస్తారేమో అని నేనూ చూశానమ్మా. నేనూ ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. నిన్ను చూశాక ఇందాకే ఆయనతో చెప్పేశా, కింద ఆ నీలం కారు నేను నడుపుతా, మీరు పక్కన కూర్చోండి అని."

"ఏమన్నరు?"

"ఏమంటారు? ఈసారి నిజంగానే మోకాలు పట్టేసినట్టుంది" అని ఆవిడ తాళం గుప్పిట్లో బిగించి, చిన్నపిల్లలా గబగబా దిగిపోయారు.

పద్మిని కనుమ చేరేసరికి మూడున్నర దాటింది. స్నేహ, వంశీధర్ రాతిబండల వెనక గాలి తగలకుండా ముడుచుకు కూర్చుని ఉన్నారు. ఆమెని చూడగానే వంశీధర్ లేచి నిలబడ్డాడు.

"ఏమైంది? ఏం చెప్పినావ్? ఎట్లా ఒప్పుకున్నాడు?"

"అడిగిన. ఇచ్చిండు."

"అంతేనా?"

"అంతే" అంది పద్మిని. చెప్పాక ఆమెకే ఆశ్చర్యమేసింది. నిజంగా అంతే. కిందికి చూస్తే ఐదో చెరువు ఎండలో మెరుస్తోంది. ముగ్గురూ సంచులు తగిలించుకుని పడమటి వైపు దిగడం మొదలుపెట్టారు.